బాక్స్‌రెక్: ఓటమి ఎరుగని కుర్రవాడి పద్దు చదవడం

ప్రొఫెషనల్ బాక్సింగ్‌ను శ్రద్ధగా గమనించేవారికి బాక్స్‌రెక్ వెబ్‌సైట్‌ను పరిచయం చేయనక్కరలేదు. జాన్ షెపర్డ్ 2000లో మొదలుపెట్టిన ఈ సేవ, దేశదేశాల ప్రొఫెషనల్ పోరుల ఫలితాలను నమోదు చేసే పద్దుపుస్తకంగా స్థిరపడిపోయింది. పోటీలు కుదిర్చే మ్యాచ్‌మేకర్లూ, వార్తలు రాసే విలేకరులూ, ఊరికే కుతూహలం కొద్దీ వెతికే నాలాంటివారూ చివరికి చేరేది అక్కడికే. ఉచితంగా ఖాతా తెరుచుకుంటే బాక్సర్ల పేజీలు చూడవచ్చు. పాత ఫలితాలు వెతికిపెట్టడంలో దీనికి వంక పెట్టేదేమీ లేదు కాబట్టి ఆ సంగతి ఇక్కడ వదిలేస్తున్నాను. నేను చూడదలచింది ఒక్కటే: ఇంకా ఓటమి ఎరుగని ఒక కుర్ర బాక్సర్ నిజంగా ఎంతటివాడో ఈ పేజీ చూసి తెలుసుకోగలమా? అందుకు బ్రిటన్ హెవీవెయిట్ (అత్యధిక బరువు విభాగం) బాక్సర్ మోజెస్ ఇటౌమా పేజీని ఎంచుకున్నాను.

ఇటౌమా 2004 డిసెంబరు 28న స్లొవాకియాలోని కెజ్మరోక్‌లో పుట్టాడు. తల్లి స్లొవాకియా, తండ్రి నైజీరియా. పెరిగింది మాత్రం ఇంగ్లండ్‌లో, కెంట్ కౌంటీలోని చాథమ్‌లో. అన్న కారోల్ కూడా బాక్సరే. పద్దెనిమిదేళ్లు నిండిన నెలకే, 2023 జనవరిలో, ప్రొఫెషనల్‌గా తొలి పోరు ఆడి మార్సెల్ బోడేను 23 సెకన్లలో ముగించాడు. 2025 ఆగస్టు నాటికి 13 పోరులు, 13 గెలుపులు, వాటిలో 11 నాకౌట్లు. అంటే నాకౌట్ల వాటా నూటికి దాదాపు 85. ఈ అంకెలు పేజీ పైభాగంలోనే కనిపిస్తాయి, చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఆగకూడనిది సరిగ్గా అక్కడే.

ఎందుకంటే ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో తొలి పది పన్నెండు విజయాలు చాలావరకు ఏర్పాటు చేసినవే. ఫలితం ముందే కుదుర్చుకుంటారని కాదు. పోటీలు నిర్వహించే ప్రమోటర్ తాను పెట్టుబడి పెట్టిన కుర్రవాడికి దెబ్బ తగలని రీతిలో, అయినా ఏదో ఒకటి నేర్చుకునే రీతిలో ప్రత్యర్థులను ఒక్కొక్కరిగా ఎంచి తెస్తాడు. అందుకే ఓటమి లేని రికార్డులు ఈ రంగంలో కుప్పలుతెప్పలు. సంక్రాంతి బరి దగ్గర నిలబడినవారు పుంజు ఎన్ని పందేలు గెలిచిందని అడిగి ఊరుకోరు, ఏ పుంజు మీద గెలిచిందని అడుగుతారు. ఆ రెండో ప్రశ్నకు జవాబు దొరికేలా పట్టికను అమర్చడమే బాక్స్‌రెక్ చేసిన గొప్ప పని.

పట్టికలో ప్రతి వరుసలోనూ తేదీ, ప్రత్యర్థి పేరు, ఆ పోరుకు ముందు అతని గెలుపోటములు, పోరు ఎన్ని రౌండ్లు సాగిందన్న గడి ఉంటాయి. వాటి పక్కనే ఆరు చిన్న చతురస్రాలు. ప్రత్యర్థి అంతకుముందు ఆడిన చివరి ఆరు పోరుల ఫలితాలవి: గెలుపుకు ఆకుపచ్చ, ఓటమికి ఎరుపు, డ్రాకు నీలం. ఎర్రగళ్లు వరుసగా కనిపిస్తే, ఆ ప్రత్యర్థిని ఓడిపోవడానికే పిలిపించారని అనుమానించడానికి వేరే ఆధారం అక్కరలేదు. నా మటుకు నేను ఏ కొత్త బాక్సర్ పేజీ తెరిచినా ముందు ఈ చతురస్రాలనే పైనుంచి కిందికి చూసుకుంటూ పోతాను. అతని సొంత అంకెలు ఆ తరువాతే.

ఇటౌమా పట్టికను ఈ పద్ధతిలో చదివితే కథ కొంత మారుతుంది. 2024 జూలైలో రెండో రౌండులో ఓడించిన మారియుష్ వాచ్, 2012లో అప్పటి ప్రపంచ ఛాంపియన్ వ్లాదిమిర్ క్లిచ్‌కోతో పన్నెండు రౌండ్లూ నిలిచిన మనిషే; కానీ ఇటౌమా ముందుకు వచ్చేసరికి అతనికి 44 ఏళ్లు. కాబట్టి ఆ విజయంలో పేరు పెద్దది, పరీక్ష చిన్నది. అదే ఏడాది డిసెంబరులో రియాద్‌లో ఎదురైన ఆస్ట్రేలియా బాక్సర్ డెమ్సీ మెక్‌కీన్ సంగతి వేరు. అంతవరకు అతణ్ని ఓడించినవాడు ఫిలిప్ హర్గోవిచ్ ఒక్కడే, అతనికి కూడా పన్నెండో రౌండు దాకా పట్టింది. ఇటౌమాకు ఒక్క రౌండు కూడా పూర్తిగా పట్టలేదు. ఈ రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టి చూడడం మొదలుపెట్టాకే ఈ కుర్రవాడి మీద నాకు నమ్మకం కుదిరింది.

2025 ఆగస్టు 16న, మళ్లీ రియాద్‌లోనే, డిలియన్ వైట్ వంతు వచ్చింది. వైట్ 31 గెలుపులు, 3 ఓటములతో బరిలోకి దిగాడు. ఓడింది ఆంథొనీ జాషువా, అలెగ్జాండర్ పొవెత్కిన్, టైసన్ ఫ్యూరీ వంటి పేరున్న హెవీవెయిట్ల చేతుల్లో. తొలి రౌండు 1 నిమిషం 59 సెకన్ల వద్ద రిఫరీ పోరు ఆపేశాడు. అప్పటి పట్టికలో ఇంతకంటే మెరిసే వరుస లేదు. అయితే 37 ఏళ్ల వైట్ అప్పటికే వాలుపొద్దులో ఉన్నాడన్నది ఆ వరుసలో రాసి ఉండదు, మనమే తేదీలను బట్టి లెక్క కట్టుకోవాలి.

ఇక ఈ పేజీ చూపే మరో లోటు బాక్స్‌రెక్‌ది కాదు, బాక్సర్‌దే. వాచ్, మెక్‌కీన్, మైక్ బాలోగన్, వైట్ వరుసగా నాలుగు పోరులు. అన్నీ కలిపినా ఆరు రౌండ్లు పూర్తికాలేదు. తొమ్మిదో రౌండులో ఊపిరి అందనప్పుడు, గట్టి దెబ్బ తిన్నప్పుడు ఇతను ఎలా నిలబడతాడో తెలుసుకోవడానికి ఆ నాలుగు వరుసల్లో ఆధారమే లేదు. రౌండ్ల గడిని నాకౌట్ల శాతంతో కలిపి చదవాలని నేను చెప్పేది ఇందుకే.

సేవకు హద్దులు లేకపోలేదు. గెలుపోటముల ప్రధాన లెక్కలో ప్రొఫెషనల్ పోరులే ఉంటాయి, అమెచ్యూర్ (వృత్తిగా కాక ఆడే) పోటీలు ఉండవు. 2022లో స్పెయిన్‌లోని లా నుసియాలో ఇటౌమా గెలిచిన ప్రపంచ యూత్ టైటిల్ ఆ పదమూడింటిలో చేరదు. మన నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో న్యూఢిల్లీలో సాధించిన ప్రపంచ స్వర్ణాలు కూడా అమెచ్యూర్ బాక్సింగ్‌వే; అటువంటి చరిత్ర తెలుసుకోదలచినవారికి ఈ పట్టిక సరిపోదు. బాక్సర్లకు బాక్స్‌రెక్ ఇచ్చే రేటింగులు ఫలితాలను బట్టి సూత్రంతో గణించేవి కనుక, ఎవరు ఎలా ఆడారన్నది వాటికి పట్టదు. ఇంత కొద్ది పోరుల బాక్సర్ విషయంలో ఆ అంకెకు నేను పెద్ద విలువ ఇవ్వను.

అందుచేత పోరు చూసే ఆనందం కోరేవారికి ఇది పనికిరాదు. చూసిన పోరును తూకం వేయదలచినవారికి దీనికి సాటి మరొకటి నాకు కనబడలేదు, పైగా పైసా ఖర్చు లేదు. హర్యానా కుర్రవాడు నిశాంత్ దేవ్ 2025 జనవరిలో లాస్ వెగాస్‌లో ఆల్టన్ విగిన్స్‌ను తొలి రౌండులోనే ఓడించి ప్రొఫెషనల్ ప్రయాణం మొదలుపెట్టాడు. అతని పేజీ తెరిచేవారు కూడా ముందు ఎదుటివారి గడుల్లోని ఎరుపు, ఆకుపచ్చలను లెక్కపెట్టండి.