కూసానికి, బెజ్జానికి ఏది మేలు: ఉలా, డ్రిల్లా, రౌటరా?

చిత్తూరు వైపు ముసలి తోతాపురి చెట్లు కొట్టేసినప్పుడు మామిడి కలప చవగ్గా దొరుకుతుంది. పోయిన ఏడాది అలాంటి దుంగ ఒకటి తెచ్చి, తిరుపతిలో కోత మిల్లులో పలకలు కోయించి, ఆరబెట్టాను. దాంతో మూడు స్టూళ్ళు చేయాలనుకున్నాను. కొలతలన్నీ ఒకటే, అతుకులు కోసే పద్ధతి మాత్రం వేరు. అతుకంటే ఒక కర్ర కొసను సన్నగా చెక్కి (అది కూసం), ఇంకో కర్రలో తొలిచిన గుంతలో (అది బెజ్జం) దించడం. ఒకటి పూర్తిగా చేతి పనిముట్లతో, రెండోది డ్రిల్ మిషన్, ఉలి కలిపి, మూడోది రౌటర్‌తో, అంటే వేగంగా తిరిగే బిట్‌తో చెక్కను తొలిచే కరెంటు మిషన్‌తో. ఒక్కో స్టూలుకు నాలుగు కాళ్ళు, నాలుగు అడ్డకర్రలు. అంటే ఎనిమిది కూసాలు, ఎనిమిది బెజ్జాలు. ఏ పద్ధతికి ఎంత ఓపిక కావాలో, అతుకు ఎంత బిగువుగా వస్తుందో తెలియడానికి ఎనిమిది చాలు.

కాళ్ళు 50 మి.మీ. చదరం, అడ్డకర్రలు 30 మి.మీ. మందం. కర్ర మందంలో మూడో వంతు కూసానికి ఇవ్వాలన్నది వడ్రంగుల పాత లెక్క. దాని ప్రకారం కూసం మందం 10 మి.మీ., బెజ్జం లోతు 25 మి.మీ. పెట్టుకున్నాను. ఈ లెక్కన ఒకే కాలికి పక్కపక్క ముఖాల్లో తీసిన రెండు బెజ్జాలు లోపల కలుస్తాయి. అందుకే కూసాల కొసలు ఏటవాలుగా కోయాలి. ఇది మరిచిపోతే రెండో కూసం పూర్తిగా దిగకుండా ఆగిపోతుంది.

ముందు ఉలి సంగతి. మా చిన్నాయన వడ్రంగి. ఆయన పక్కన కూర్చుని మొదటి బెజ్జం తీయడానికి నాకు అరగంట పట్టింది. ఎనిమిదోది వచ్చేసరికి ఇరవై నిమిషాలు. మధ్యలో మొదలుపెట్టి, నార అడ్డంగా తెగేలా ఉలి నిలబెట్టి, చెక్క సుత్తితో కొట్టుకుంటూ కొసల వైపు పోవాలి. కొసల దగ్గర ఒక్క మిల్లీమీటరు వదిలేసి, దాన్ని చివర్లో గీత మీద పెట్టి ఒకే కోతలో తీయాలి. మామిడి మెత్తగానే తెగుతుంది. ఇబ్బంది ఉలి పదునుతోనే. రెండు బెజ్జాలకు ఒకసారి సానరాయి దగ్గరికి పోవాల్సి వచ్చింది. ఏర్పేడు దగ్గర మాధవమాలలో చెక్కతో దేవతా విగ్రహాలు చెక్కేవాళ్ళ పని చూశాను. సానరాయి వాళ్ళ చేతికి అందేంత దూరంలోనే ఉంటుంది. నేను దాన్ని అలమరలో పెట్టుకుని, లేచి పోవడానికి బద్ధకించి, మొద్దుబారిన ఉలితోనే కొట్టాను. ఆ రెండు బెజ్జాల గోడలు చిరుగులు పడ్డాయి.

రెండో స్టూలుకు డ్రిల్. మధ్యలో మొన ఉండే 10 మి.మీ. వుడ్ బిట్‌తో ఒకదాని పక్కన ఒకటిగా రంధ్రాలు వేసి, మధ్యలో మిగిలిన మిట్టలను ఉలితో గీసేశాను. ఒక్కో బెజ్జం పది నిమిషాల పని. ఇక్కడ తప్పు జరిగేది డ్రిల్ వంగడంలో. చేతిలో పట్టుకున్న మిషన్ నిటారుగా ఉందో లేదో పైనుంచి చూస్తే తెలియదు. పక్కన మూలమట్టం నిలబెట్టుకుని, దాన్ని చూస్తూ దించాను. లోతుకు బిట్ చుట్టూ టేపు అంటించాను. బెజ్జం గోడలు రౌటర్ తీసినంత నున్నగా రావు, కానీ రెండు వైపులా ఉలితో ఒకసారి చెక్కితే కూసం కదలకుండా కూర్చుంటుంది.

మూడోది రౌటర్. మన దగ్గర చిన్న వర్క్‌షాపుల్లో ఎక్కువగా కనిపించేది ట్రిమ్మర్ రకం. 500 వాట్ల పైచిలుకు మోటారు, 6 మి.మీ. కాడ ఉన్న బిట్‌ను పట్టే మూతి, నిమిషానికి 30 వేల చుట్లు. దీంతో బెజ్జం తీయడం యూట్యూబ్‌లో చూసినంత సులభం కాదు. 50 మి.మీ. కాలి మీద మిషన్ నిలబడదు, ఊగుతుంది. పక్కన ఇంకో కాలు కలిపి క్లాంపు వేస్తేనే అడుగు ఆనుతుంది. ఒక్కసారిగా 25 మి.మీ. లోతు తీయకూడదు. మూడేసి మిల్లీమీటర్లు దించుకుంటూ పోవాలి, అంటే తొమ్మిది సార్లు. తోసే దిశ కూడా ముఖ్యమే. సరైన దిశలో తోస్తే బిట్ తిరిగే ఊపు, చెక్క అంచుకు ఆని జారే పక్క గైడును చెక్కకు అదుముతుంది. ఎదురు దిశలో పోతే దూరంగా లాగేస్తుంది, బెజ్జం వంకర పోతుంది. నా రెండో బెజ్జం అలాగే పాడయింది. ఆ కాలు పారేసి వేరేది కోయాల్సి వచ్చింది.

ఇంకొకటి, రౌటర్ తీసిన బెజ్జం కొసలు గుండ్రంగా ఉంటాయి. వాటిని ఉలితో చదరం చేయాలి, లేదా కూసం అంచులను ఆకురాయితో గుండ్రంగా రాయాలి. ఏది చేసినా మళ్ళీ చేతి పనే. సెట్టింగ్‌కు రెండు గంటలు పోయాయి. ఆ తర్వాత ఒక్కో బెజ్జం ఐదు నిమిషాలు. గోడలు మాత్రం అద్దంలా వచ్చాయి. జిగురుకు అది మంచిదే. అతుకును పట్టి ఉంచేది కూసం రెండు చెంపలే, అంటే వెడల్పాటి పక్కలే. అక్కడ నార పొడవున నార కలుస్తుంది కాబట్టి జిగురు బాగా పడుతుంది. కర్ర కొసన అడ్డంగా తెగిన నార మీద జిగురుకు బలం ఉండదు.

రౌటర్ కొనేవాళ్ళు చాలామంది బెజ్జాల కోసమే కొంటారు. నేనూ అంతే. కానీ దాని అసలు ఉపయోగం నాకు కూసాలు కోసేటప్పుడు తెలిసింది. నాలుగు అడ్డకర్రలను పక్కపక్కన పేర్చి, మూలమట్టంతో కొసలు సరిచేసి, అన్నిటినీ కలిపి క్లాంపు వేశాను. మీద అడ్డంగా తిన్నటి పట్టీ ఒకటి బిగించి, దానికి ఆనించి రౌటర్ తోశాను. మూడు నాలుగు విడతల్లో 10 మి.మీ. లోతు దిగేసరికి నాలుగు కూసాల భుజాలు, అంటే కూసం మొదట్లో కాలికి ఆనే మెట్లు, ఒకే గీత మీద తెగాయి. తిరగేసి అవతలి చెంప కూడా అలాగే. చివరి కర్ర పక్కన తుక్కు చెక్క ఆనించాలి, లేకపోతే బిట్ బయటికి వచ్చే చోట అంచు పగులుతుంది. స్టూలు బిగించినప్పుడు సందులు కనబడేది భుజాల దగ్గరే. చేతి రంపంతో కోసిన మొదటి స్టూలులో ఎనిమిది కూసాల్లో మూడింటి భుజాలు సరిగ్గా ఆనలేదు. చిన్నాయన చూసి "రంపం తప్పు లేదు నాయనా, నువ్వు గీత పెన్సిల్‌తో గీసినావు, కత్తితో గీసుంటే రంపం దాంట్లోనే పొయ్యేది" అన్నాడు. నిజమే. ఆ తర్వాత కత్తి గీతలు మొదలుపెట్టాక రౌటర్ పని కూడా బాగుపడింది.

ఇక మార్బుల్ కట్టర్, అంటే రాళ్ళు, టైల్స్ కోసే చేతి మిషన్. నాలుగు అంగుళాల చెక్క బ్లేడు వేసి దీంతోనే కూసాలు కోసేవాళ్ళు మన దగ్గర ఎంతోమంది. లోతు 10 మి.మీ.కు సరిచేసి, భుజం గీత మీద ఒక కోత, అక్కడి నుంచి కొస దాకా నాలుగేసి మిల్లీమీటర్లకు ఒక కోత వేసి, మిగిలిన రేకులను సుత్తితో తట్టి రాల్చేస్తారు. మామిడిలో ఇది బాగానే వచ్చింది. వేప ముక్క మీద ప్రయత్నిస్తే రేకు విరిగేటప్పుడు చీలిక కూసం లోపలికే పోయింది. వేపలో నార అల్లుకుని ఉంటుంది, ఎటు చీలుతుందో చెప్పలేం. వేపకు రౌటరే మేలు.

కట్టర్‌ను ప్లైవుడ్ కింద తలకిందులుగా బిగించి టేబుల్ రంపంలా వాడటం మాత్రం దయచేసి వద్దు. బ్లేడు మీద మూత ఉండదు, వెనక చెక్కను విడదీసి ఉంచే రేకు ఉండదు. కోసిన సందు మూసుకుని బ్లేడును పట్టేస్తే చెక్క ఎదురు తంతుంది. చేతి వేళ్ళు అప్పటికే బ్లేడు పక్కన ఉంటాయి. రౌటర్ దగ్గర కూడా చేతి తొడుగులు వేయొద్దు, బిట్ లాగేస్తుంది. కళ్ళద్దాలు, చెవులకు మఫ్‌లు, ముక్కుకు మంచి మాస్క్ తప్పనిసరి. చెక్క దుమ్మును ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో, అంటే మనుషులకు క్యాన్సర్ తెస్తాయని తేలినవాటిలో చేర్చింది. రౌటర్ రేపే సన్న దుమ్ము ఉలి రాల్చే పేళ్ళ లాంటిది కాదు, గంటసేపు గాల్లోనే ఉంటుంది.

మన వాతావరణం సంగతి కూడా ఒకటుంది. తిరుపతిలో అక్టోబరు, నవంబరు వానల్లో చెక్క తేమ పట్టి ఉబ్బుతుంది. అప్పుడు గట్టిగా కూర్చున్న కూసం మే నెల ఎండలకు వదులవుతుంది. ఏ మిషన్‌తో కోసినా ఇది తప్పదు. అందుకే మూడు స్టూళ్ళకూ కొయ్య చీలలు దిగ్గొట్టాను. కూసంలో రంధ్రం భుజం వైపు ఒక మిల్లీమీటరు జరిపి వేస్తే, చీల దిగేటప్పుడు కూసాన్ని లోపలికి లాగి పట్టుకుంటుంది. పాత ద్వారబంధాలు ఇన్నేళ్ళు నిలబడింది ఇలాంటి చీలల మీదే.

ఇప్పుడు అమ్మ పూజగదికి చిన్న వాకిలి చట్రం కావాలంది, వేపతో. నాలుగే బెజ్జాలు కాబట్టి డ్రిల్, ఉలి చాలు. కూసాలు మాత్రం రౌటర్ కిందికే పోతాయి. కత్తితో గీతలు నిన్న రాత్రే గీసి పెట్టాను.