పిట్‌కెయిర్న్ ద్వీపానికి ఓడ ప్రయాణం, ఊరివారి ఇంట బస: ఒక సమీక్ష

దక్షిణ పసిఫిక్ మహాసముద్రంలో, విమానాలు దిగే వీలు లేని చిన్న ద్వీపం పిట్‌కెయిర్న్‌కు చేరాలంటే తాహితీ నుంచి మాంగరేవా ద్వీపం దాకా విమానంలో వెళ్లి, అక్కడ సరుకుల ఓడ ఎక్కాలి. పన్నెండు మంది ప్రయాణికులకే చోటున్న ఆ ఓడ 500 కిలోమీటర్లకు పైగా ఉన్న దూరాన్ని దాదాపు ఒకటిన్నర రోజులో దాటిస్తుంది. గదులు చిన్నవే అయినా శుభ్రంగా ఉన్నాయి, భోజనం వేళకు అందింది.

ఓడ నిలిచే రేవు లేదు కనుక ఊరివారే పొడవాటి పడవలో ఎదురొస్తారు. అల పడవను పైకెత్తే క్షణం కోసం కాచుకుని, ఒకరు కేక వేయగానే ఇద్దరు మన మోచేతులు పట్టి దింపుకుంటారు. ఆ పట్టులో తడబాటు లేదు. 1808 ఫిబ్రవరిలో సీల్ అనే సముద్ర జంతువుల వేటకు వచ్చిన అమెరికన్ ఓడ టోపాజ్ కెప్టెన్ మేహ్యూ ఫోల్జర్‌కు కూడా ఇలాగే యువకులు పడవలో ఎదురొచ్చి, ఇంగ్లీషులో పలకరించి ఆయనను నివ్వెరపరిచారు. 1789లో బ్రిటిష్ నౌకాదళపు బౌంటీ నౌకపై తిరుగుబాటు చేసి, మరుసటి ఏడు ఇక్కడికి చేరి ఆ నౌకను తగలబెట్టినవారి పిల్లలు వారు. తిరుగుబాటుదారులలో అప్పటికి జాన్ ఆడమ్స్ ఒక్కడే మిగిలాడు. 1767లో ఈ ద్వీపాన్ని చూసిన బ్రిటిష్ నావికుడు కార్టెరెట్ పటంలో దాని స్థానాన్ని తప్పుగా చూపడం, ఎవరికీ దొరకకుండా దాక్కోవాలనుకున్న తిరుగుబాటుదారులకు కలిసొచ్చిందన్నది తెలిసిందే. అయితే ఆ నిట్టనిలువు కొండచరియలను ఓడ మీది నుంచి చూశాక, పటం సరిగ్గా ఉన్నా ఇక్కడ దిగే సాహసం ఎందరు చేసేవారోననిపించింది.

సుమారు యాభై మంది ఉండే, ద్వీపంలోని ఏకైక ఊరు ఆడమ్స్‌టౌన్‌లో ఆనాటి కుటుంబాల వారసులే ఆతిథ్యమిస్తారు. ఆడమ్స్ సమాధిని, బౌంటీ లంగరును వారి వెంట నడుస్తూ చూడడమే ఈ సేవలో అన్నింటికన్నా విలువైన భాగం. మాకు చూపించినవారు ఫోల్జర్ కథను ఎంతో శ్రద్ధగా చెప్పారు గాని, తిరుగుబాటుదారులతో వచ్చి ఈ సంతతికి తల్లులైన తాహితీ స్త్రీల ప్రస్తావన రెండు మాటల్లో ముగిసింది. వారితో పాటే వచ్చిన మరో తాహితీ స్త్రీ జెన్నీ ద్వీపం విడిచి వెళ్లాక చెప్పిన వృత్తాంతం 1819లో సిడ్నీలో అచ్చయింది. అది కూడా వినిపిస్తే ఈ నడక ఎంతో నిండుగా ఉంటుంది.

ఖర్చు ఎక్కువే, అయినా నిస్సంకోచంగా వెళ్లమంటాను. న్యూజిలాండ్ డాలర్లు నగదుగా ఉంచుకోండి, సముద్రం అనుకూలించక పడవ ఆలస్యమయ్యే అవకాశం ఉంది కనుక తిరుగు విమానానికి ముందు కొన్ని రోజులు ఖాళీగా పెట్టుకోండి.