లాన్ బదులు అరాకిస్: కడియం నుంచి తెప్పించిన మొక్కల మీద నా రివ్యూ

ఇంటి ముందు చెట్టు నీడ వల్ల లాన్ రావట్లేదని బాధపడేవాళ్ళు ఇది చదవండి. మామిడిచెట్టు కింద మెక్సికన్ గ్రాస్ ఎన్ని నీళ్ళు పెట్టినా పలచబడిపోతుంది, పోనీ గడ్డి గులాబీ వేద్దామంటే దానికి మంచి ఎండ తగలాలి, నీడలో సరిగ్గా పూయదు. అందుకే కడియపులంకలో ఒక నర్సరీ నుంచి నీడని కూడా తట్టుకునే అరాకిస్ పింటోయ్ అనే నేల మీద పాకే మొక్కలు, చిన్న ప్లాస్టిక్ కవర్లలో పెంచినవి, తెప్పించాం.

ఇది వేరుశెనగకి దగ్గరి చుట్టం, పుట్టిల్లు బ్రెజిల్. ఆకు కూడా మన వేరుశెనగ ఆకే, కాడకి రెండు జతలుగా నాలుగు రెక్కలు, చీకటి పడగానే ముడుచుకుని పొద్దున్నే మళ్ళీ విచ్చుకుంటాయి (మొదటిసారి చూసి మా అమ్మ నీళ్ళు చాల్లేదేమో అని బకెట్ పట్టుకొచ్చేసింది). పసుపు పూలు దాదాపు ఏడాదంతా వస్తూనే ఉంటాయి, చలికాలంలో కాస్త తగ్గుతాయంతే. పెద్దగా ఎత్తు పెరగదు, తీగలు నేల మీదే పాకుతూ కణుపు దగ్గర వేళ్ళేస్తూ పోతాయి. ఇంకో మంచి విషయం ఏంటంటే పప్పుజాతి మొక్క కాబట్టి వేళ్ళ బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాలిలో నైట్రోజన్‌ని పట్టి ఇస్తుంది, యూరియా చల్లే పనే లేదు, నాటేటప్పుడు పశువుల ఎరువు కలిపాం, అంతే.

జానెడు ఎడంగా నాటాం. మొదట్లో మాత్రం తుంగ, గరిక విపరీతంగా వస్తాయి, అప్పుడు ఓపిగ్గా వేళ్ళతో సహా పీకెయ్యాలి, ఒక్కసారి ఇది కమ్ముకుందంటే కలుపు బాగా తగ్గుతుంది. పిల్లలు రోజూ క్రికెట్ ఆడే చోట మాత్రం వెయ్యకండి, అప్పుడప్పుడు నడిస్తే తట్టుకుంటుంది గానీ అంత తొక్కుడు తట్టుకోదు.

ఇక నర్సరీ సంగతి. ప్యాకింగ్ చాలా బాగుంది, వేళ్ళ దగ్గర మట్టి కూడా విడిపోలేదు, రేటూ న్యాయంగానే ఉంది. కానీ మధ్యలో వెడీలియా అనే వేరే మొక్కలు కలిపి పంపారు, ఫోన్ చేస్తే "రెండూ పసుపు పువ్వేగా మేడమ్" అన్నారు. అది నాకు అస్సలు నచ్చలేదు. వెడీలియా ప్రపంచంలోనే మహా మొండిగా వ్యాపించి హాని చేసే 100 పరాయి జాతుల లిస్టులో ఉన్న మొక్క, కోసి పారేసిన చిన్న ముక్క కూడా పడ్డచోటే వేళ్ళేసుకుంటుంది, పక్కనున్న మొక్కల్ని మింగేస్తుంది. అలాంటిదాన్ని తోట మధ్యలో ఎలా పెట్టుకుంటాం? గట్టిగా అడిగాక మార్చి ఇస్తామన్నారు, తర్వాతి లోడ్‌లో వాటి బదులు అరాకిస్ పంపారు, డబ్బులు తీసుకోలేదు, ఆ మాట మాత్రం నిలబెట్టుకున్నారు.

మీరు తీసుకునేటప్పుడు పువ్వు చూసి మోసపోకండి, ఆకు చూడండి. వెడీలియా ఆకు గరుగ్గా, మూడు మొనలతో ఉంటుంది, పువ్వు చిన్న పొద్దుతిరుగుడు పువ్వులా ఉంటుంది. అరాకిస్‌ది అచ్చం చిక్కుడుజాతి పువ్వు. కవర్లు దించుకునేటప్పుడే ఒక్కో ట్రే చూసుకుని తేడా ఉన్నవి అక్కడికక్కడే తిరిగిచ్చెయ్యండి.

ఆర్డర్ మాత్రం తొలకరి పడ్డాకే పెట్టండి, ఏప్రిల్ మే ఎండల్లో లారీలో వస్తే మొక్కలు దారిలోనే వాడిపోతాయి.