హాలు గోడలకు డిస్టెంపరా, ఎమల్షనా?

తిరుపతిలో పాత ఇంటికి తక్కువ ఖర్చుతో కొత్త కళ తేవాలంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే: సుద్ద కలిసిన డిస్టెంపర్ రంగా, ప్లాస్టిక్‌లాంటి పొర కట్టే ఎమల్షన్ రంగా అని. డిస్టెంపర్ చవక, పడకగదికి, సీలింగ్‌కి చాలు. కానీ చెయ్యి రాస్తే పొడి అంటుతుంది, తడిగుడ్డతో గట్టిగా తుడిస్తే రంగు వదులుతుంది. పైగా తర్వాత ఎమల్షన్ వేయాలంటే ఆ పొరను గీకించాలి, ఆ కూలీ అదనం.

ఎమల్షన్ ఖరీదెక్కువే. అయినా పిల్లలు తిరిగే హాలుకు నా ఓటు దానికే: మరకలు తుడిస్తే పోతాయి, రంగూ ఎక్కువ కాలం నిలుస్తుంది. డబ్బు సరిపోకపోతే హాలుకు మాత్రం ఎమల్షన్ వేయించండి.

ఏదైనా నవంబరు వానల్లో మాత్రం వద్దు. గోడలో తేమ ఉంటే రెండూ పెచ్చులు ఊడతాయి. వానలు వెలిసి గోడ పూర్తిగా ఆరాక, సంక్రాంతిలోపు వేయించుకోండి.