రెండంతస్తుల పంజరం: ఐదుకు రెండు స్టార్లు

పాలకొల్లులో మా ఇంట్లో రెండు మగ గినీ పందులున్నాయి (పేరుకే పందులు, నిజానికి ఎలుకల కోవకు చెందిన చిన్న పెంపుడు ప్రాణులు). తెల్లమచ్చలది జున్ను, గోధుమరంగుది కాజా. ఒకే ఈతలో పుట్టిన అన్నదమ్ములు. వీటికోసం భీమవరంలోని ఒక పెంపుడు జంతువుల దుకాణంలో రెండంతస్తుల ఇనుపతీగల పంజరం కొన్నాం. ధర 4,800 రూపాయలు. "పైన ఒకడుంటాడండీ, కింద ఒకడుంటాడండీ, గొడవే ఉండదు" అని కొట్టాయన భరోసా. గొడవలన్నీ ఆ పైనా కిందా దగ్గరే మొదలయ్యాయి.

కింది అంతస్తు పొడవు మూడడుగులు, వెడల్పు అడుగున్నర. రెండు గినీ పందులకు కనీసం ఏడున్నర చదరపు అడుగుల నేల ఉండాలి. రెండూ మగవైతే పది దాటితేనే మంచిది. పై అంతస్తును కూడా కలిపి పెట్టె మీద తొమ్మిది అని వేసుకున్నారు. కానీ ఇవి ఎక్కే జంతువులు కావు, నేల మీద పరుగెత్తేవి. పైకి వెళ్లే వాలుబల్ల జానెడు వెడల్పు. దాని పైకొసన ఎవరు కూర్చుంటే వారిదే మేడ. కాజా పొద్దస్తమానం అక్కడే కూర్చునేవాడు. జున్ను సగం దాకా ఎక్కి, అన్నగారి ముఖం చూసి, తిరగడానికి చోటులేక వెనక్కి వెనక్కి దిగేవాడు.

పంజరంతో పాటు ఇచ్చిన ప్లాస్టిక్ గూడు ఇంకా ఘోరం. దానికి ద్వారం ఒక్కటే.

మగ గినీ పందులు పెత్తనం తేల్చుకోవడానికి వాటి పద్ధతులు వాటికున్నాయి. కాజా గొంతులో గురగురమంటూ, నడుము అటూ ఇటూ ఊపుకుంటూ జున్ను చుట్టూ తిరుగుతాడు. వెనకభాగం నేలకు రాసి తన వాసన అంటిస్తాడు. వెంటపడతాడు, ఒక్కోసారి మీదికెక్కుతాడు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఎవరి గడ్డం ఎక్కువ ఎత్తుకు లేస్తుందో చూసుకుంటారు. ఇదంతా మామూలే. మూడో నెల నుంచి ఏడాది దాటేదాకా, కుర్రతనంలో, మరీ ఎక్కువ. సంక్రాంతికి వచ్చిన మా మరిది ఇది చూసి "వదినా, పందెం ఎంత?" అన్నాడు. భీమవరం చుట్టుపక్కల పెరిగినవాళ్లకు ఏ రెండు మగప్రాణులు ఎదురుపడినా బరే కనిపిస్తుంది. జున్ను తల దించి పక్కకు జరిగాడు, అంతటితో అయిపోయింది. కాసేపటికి ఇద్దరూ ఒకే గరిక కట్ట నములుతున్నారు. మా మరిదికి చాలా నిరాశ.

అయితే ఓడినవాడు పక్కకు జరగడానికి చోటుండాలి కదా! జున్ను గూట్లోకి దూరితే కాజా ద్వారానికి అడ్డంగా నిలబడేవాడు. లోపలివాడు లొంగిపోదామన్నా దారి లేదు. అప్పుడు పళ్లు టకటకమనేవి. ఆ శబ్దం హెచ్చరిక. దానికి తోడు మెడమీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని, నోరు బార్లా తెరిచి ముందుపళ్లు చూపిస్తే (ఆవలింత అనుకుని ఫోటోలు తీసేవాళ్లున్నారు) ఇక కొట్లాటే. ఒకరోజు జున్ను పెదవి చిట్లి రక్తం వచ్చింది. అలాంటప్పుడు చెయ్యి పెడితే మన వేలు పోతుంది. మందపాటి తువ్వాలు మీద వేసి విడదీయాలి.

కొట్టాయనకు ఫోను చేస్తే "మగవి కదండీ, కొట్టుకోకుండా ఎలా ఉంటాయండీ" అని రెండు సలహాలిచ్చారు. ఇంకో పంజరం కొనమన్నారు, లేదా ఒక ఆడదాన్ని కలపమన్నారు. రెండోది విని నాకు ఒళ్లు మండింది. ఆడదాని వాసన తగిలితే అప్పటిదాకా సర్దుకున్న మగవాటికి కూడా ఒకదానికొకటి పడదు. పైగా ఈ జాతిలో మగపిల్లలు మూడు నాలుగు వారాలకే ఈడుకొస్తాయి, గర్భం సుమారు రెండు నెలలే. ఏడాది తిరిగేసరికి ఆయన దగ్గర ఎన్ని పంజరాలు కొనాలో! పోనీ ఒంటరిగా ఉంచుదామా అంటే ఇవి గుంపులో బతికేవి. స్విట్జర్లాండ్‌లో గినీ పందిని ఒంటరిగా పెంచడానికి చట్టమే ఒప్పుకోదు.

పుండు మానేదాకా మధ్యలో తీగవల కట్టి, ఒకరి వాసన ఒకరికి తెలిసేలా ఉంచాం. ఈలోగా మా వీధి వడ్రంగి చేత నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పుతో చెక్కపెట్టె చేయించాను. మేడ లేదు. గూళ్లు రెండు, ఒక్కోదానికి రెండు ద్వారాలు. నీళ్ల సీసాలు చెరో మూల, గడ్డి రెండు చోట్ల. శుభ్రం చేసినప్పుడు పాత గడ్డి కొంచెం మిగులుస్తాను, వాసన మొత్తం పోతే కాజా మళ్లీ మొదటినుంచి హద్దులు గీసుకుంటాడు. వాడి పెత్తనం పోలేదు, జామకాయ ముక్క ఇప్పటికీ ముందు వాడికే. జున్ను మాత్రం ఒక ద్వారంలో కాజా కనిపిస్తే రెండో ద్వారంలోంచి దర్జాగా బయటికి నడుస్తాడు.

మిగతా లోపాలు: తీగల నేల మీద పాదాలు పుండ్లు పడతాయి, గుడ్డ పరవక తప్పదు. ప్లాస్టిక్ పైకప్పు మే నెల ఉక్కలో ఉడికిపోతుంది, ఇవేమో ముప్పై డిగ్రీలకే అల్లాడిపోతాయి.

ఒక స్టారు తలుపు గొళ్లేనికి, పెరటి పిల్లి ఎంత గోకినా ఊడలేదు. ఇంకొకటి సులువుగా కడగగలిగే అడుగు ట్రేకి. దుకాణంవారు పంజరాన్ని వెనక్కి తీసుకోబోమన్నారు. కోడిపిల్లలు పెంచేవారెవరైనా పాలకొల్లు దరిదాపుల్లో ఉంటే 1,500కి ఇచ్చేస్తాను. మేడ ఎక్కే ప్రాణులకు బాగానే ఉంటుంది.