జర్మన్ పదాలకు ఏది మేలు: కాగితం కార్డులా, క్విజ్‌లెట్టా, ఆంకీయా?

పై చదువులకో, నర్సింగ్ ఉద్యోగానికో జర్మనీ వెళ్లాలనుకునే తెలుగువారికి వ్యాకరణం కంటే ముందు ఎదురయ్యే అడ్డంకి పదాల సంఖ్య. జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే గోథె ఇన్‌స్టిట్యూట్ తొలిమెట్టయిన ఏ1 స్థాయికి ఇచ్చే జాబితాలో సుమారు 650 పదాలు ఉంటే, మూడో మెట్టయిన బి1 జాబితాకు వచ్చేసరికి అవి దాదాపు 2,400 అవుతాయి. నర్సుగా పూర్తి గుర్తింపు పొందడానికి సాధారణంగా అడిగే బి2 అంతకంటే పైమెట్టు. ఇన్ని పదాలను నోట్‌బుక్కులో రెండు వరుసలుగా రాసుకుని పదే పదే చదవడం మనకు బడి నుంచి వచ్చిన అలవాటు. అయితే చదవడం వేరు, చూడకుండా గుర్తు తెచ్చుకోవడం వేరు. కార్పికి, రోడిగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులకు 40 స్వాహిలీ పదాలను ఇంగ్లీషు అర్థాలతో నేర్పి, వారం తర్వాత పరీక్షించారు. ఒకసారి వచ్చేసిన పదాలను కూడా తిరిగి తిరిగి పరీక్షించుకున్నవారికి 80 శాతం దాకా గుర్తుండగా, వచ్చేసిన పదాలపై పరీక్ష మానేసి చదవడం మాత్రమే కొనసాగించినవారికి 40 శాతం కూడా గుర్తులేవు. ఒకవైపు పదం, మరోవైపు అర్థం రాసుకునే ఫ్లాష్‌కార్డు బలమంతా ఇదే. కాబట్టి తేల్చుకోవలసింది, ఆ పరీక్షను ఎవరు ఏ రోజున పెట్టాలన్నది.

కాగితం కార్డులతో ఆ పని మనమే చేసుకోవాలి. పాత్రికేయుడు సెబాస్టియన్ లైట్నర్ 1972లో ప్రాచుర్యంలోకి తెచ్చిన పెట్టె పద్ధతి ఇందుకు చక్కగా పనికొస్తుంది: పెట్టెలో ఐదు అరలు, కొత్త కార్డు మొదటి అరలో, సరిగ్గా చెప్పగలిగితే తర్వాతి అరలోకి, తప్పితే మళ్లీ మొదటికి. మొదటి అరను రోజూ తీయాలి, చివరి అరను ఎప్పుడో ఒకసారి తీస్తే చాలు. చేత్తో రాయడం వల్ల అక్షరక్రమం పట్టుబడుతుంది, ఫోను వంక చూసే పని ఉండదు. ఏ1 వరకే నేర్చుకోదలచినవారికి దీనికి మించినది అక్కరలేదని నా అభిప్రాయం. ఆ పైన మాత్రం రెండు ఇబ్బందులు ఉన్నాయి. వెయ్యి కార్డులు దాటాక పెట్టెను నడపడమే ఒక పని అవుతుంది. కాగితానికి గొంతు ఉండదు. తలుపు అనే అర్థమున్న జర్మన్ మాటను తెలుగు లిపిలో ‘ట్యూర్’ అని రాసుకున్నవారు అందులో లేని ‘య’ను పలుకుతారు. పెదవులను ‘ఊ’ అనడానికి సిద్ధం చేసినట్టు గుండ్రంగా ఉంచి, నాలుకతో ‘ఈ’ పలికితే వచ్చే ఆ ధ్వనికి మన లిపిలో గుర్తు లేదు. దాన్ని వింటేనే వస్తుంది.

క్విజ్‌లెట్‌లో వినడానికి సౌకర్యం ఉంది. 2005లో అమెరికాలో ఒక హైస్కూలు విద్యార్థి తన ఫ్రెంచి పదాల పరీక్ష కోసం రాసుకున్న ప్రోగ్రాము నుంచి పుట్టిన ఈ యాప్ స్వభావం ఇప్పటికీ అదే. పది నిమిషాల్లో పాఠంలోని పదాలన్నీ ఎక్కించవచ్చు, తరగతి మొత్తానికి లింకు పంపవచ్చు. రెండు వారాల్లో పరీక్ష ఉన్నవారికి ఇంత తేలికైనది మరొకటి లేదు. కాకపోతే పదాలను ప్రశ్నలుగా అడిగి నేర్పే ‘లెర్న్’ వంటి విభాగాలను పూర్తిగా వాడుకోవాలంటే చందా కట్టాలి. పైగా పాఠం అయిపోగానే ఆ పదాలు వెనకబడిపోతాయి. మూడు నెలల కిందటి పదాన్ని ఈ రోజు అడగాలన్న ఆలోచన ఇలాంటి యాప్‌ల నిర్మాణానికి కేంద్రం కాదు.

ఆంకీకి అదే కేంద్రం. డేమియన్ ఎల్మ్స్ 2006లో విడుదల చేసిన ఈ ప్రోగ్రాము పోలండ్ పరిశోధకుడు పియోటర్ వోజ్నియాక్ 1987లో రూపొందించిన, కార్డును మళ్లీ ఎప్పుడు అడగాలో లెక్కగట్టే పద్ధతి ఆధారంగా మొదలై, 2023 నుంచి ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ అనే కొత్త పద్ధతిని కూడా అందిస్తోంది. సరిగ్గా చెప్పిన ప్రతిసారీ కార్డు మరింత దూరానికి, రోజుల నుంచి వారాలకు, వారాల నుంచి నెలలకు జరుగుతుంది. కంప్యూటరులోనూ ఆండ్రాయిడ్ ఫోనులోనూ ఉచితం; ఐఫోనుకు మాత్రం ఒకసారి డబ్బు కట్టి కొనుక్కోవాలి. ఏడాదిపాటు చదవవలసినవారికి నేను నిస్సంకోచంగా దీన్నే సూచిస్తాను. అయితే ఇందులో రెండు చోట్ల చాలామంది దెబ్బతింటారు. పదం మరిచిపోయినప్పుడు, మళ్లీ అడగమని చెప్పే ‘ఎగైన్’ బటన్ నొక్కడానికి మనసొప్పక ‘హార్డ్’ బటన్ నొక్కుతారు. హార్డ్ అంటే కష్టపడి గుర్తు తెచ్చుకున్నానని యాప్‌కు చెప్పడం కనుక, అది ఆ కార్డును మరింత దూరం పంపుతుంది, మరిచిన పదం మరిచినట్టే ఉండిపోతుంది. రెండోది పేరుకుపోవడం. రోజుకు 20 కొత్త కార్డులు అన్న ముందస్తు అమరికను అలాగే ఉంచితే, కొన్ని వారాలకు రోజువారీ పునశ్చరణ 200 కార్డుల దాకా పెరగవచ్చు. పండక్కి ఊరెళ్లి నాలుగు రోజులు మానేసినవారు తిరిగొచ్చి ఆ గుట్టను చూసి యాప్‌నే తీసేస్తారు. ఉద్యోగం చేస్తూ చదివేవారు కొత్త కార్డులను పదికి తగ్గించుకోవడం ఉత్తమం.

ఏ యాప్ అన్నదానికంటే నా దృష్టిలో బరువైన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఎవరో చేసిపెట్టిన కార్డుల కట్టను దింపుకోవాలా, మనమే చేసుకోవాలా? సిద్ధంగా దొరికే జర్మన్ కట్టలు చాలావరకు ఇంగ్లీషు అర్థాలతో ఉంటాయి. ఇంగ్లీషుతో పోలిక ఉన్న పదాలకు అది లాభమే. కానీ ‘డు’, ‘జీ’ అనే రెండు సర్వనామాలకూ ఇంగ్లీషు కార్డు ‘యూ’ అన్న ఒకే మాట చూపించి, ఏది ఎవరితో అనాలో చెప్పకుండా వదిలేస్తుంది. వెనకవైపు ‘నువ్వు’, ‘మీరు’ అని రాసుకున్న తెలుగువారికి ఆ గందరగోళమే లేదు. మన భాష అడ్డొచ్చే చోట్లూ ఉన్నాయి, వాటికి మరీ ముఖ్యంగా సొంత కార్డు కావాలి. బల్ల పుంలింగం, దీపం స్త్రీలింగం, అమ్మాయి నపుంసకలింగం అన్న జర్మన్ విభజన మనకు ఏ విధంగానూ తట్టదు కాబట్టి పదాన్ని ఒంటరిగా కాక ‘డెర్ టిష్’, ‘డీ లాంపె’, ‘డాస్ మేడ్‌షెన్’ అని ముందు వచ్చే లింగసూచక పదంతో (ఆర్టికల్), బహువచనంతో కలిపి రాసుకోవాలి. ‘బస్సు కోసం ఎదురుచూస్తున్నాను’ అనడానికి మనం ‘కోసం’కు తగిన ‘ఫ్యూర్’ను వెతుకుతాం. జర్మన్లు అనేది ‘ఇష్ వార్టె ఔఫ్ డెన్ బుస్’. ఒక్క పదం, దాని అర్థం మాత్రమే ఉన్న కార్డు ఈ పొరపాటును పట్టుకోలేదు. వాక్యమంతా రాసి ‘ఔఫ్’ ఉన్నచోట ఖాళీ వదిలితే ఆంకీ ఆ ఖాళీనే అడుగుతుంది.

సొంతంగా చేసుకోవడానికి సమయం పడుతుందన్న అభ్యంతరం నిజమే. అందుకని తొలి రెండు నెలలు సిద్ధంగా ఉన్న ఏ1 కట్టతో మొదలుపెట్టి, తప్పుతున్న పదాలకు మాత్రం తెలుగు వాక్యం చేర్చుకోవడం మధ్యేమార్గం. బి1 దాటి ఆసుపత్రి మాటల దగ్గరకు వచ్చిన నర్సుకు మాత్రం మధ్యేమార్గం లేదు. ఆమెకు కావలసినది నొప్పి అనే నామవాచకం కాదు, రోగి మంచం పక్కన నిలబడి అడగవలసిన ‘హాబెన్ జీ ష్మెర్ట్‌సెన్?’ అన్న ప్రశ్న. ముందువైపు ‘మీకు నొప్పిగా ఉందా?’ అని రాసి, వెనకవైపు తరగతిలోని టీచరు గొంతును అనుమతి తీసుకుని ఫోనులోనే రికార్డు చేసి జత చేయడానికి ఆంకీలో నిమిషం కంటే ఎక్కువ పట్టదు.