స్టార్ వార్స్ సైనికుడి స్టార్మ్‌ట్రూపర్ హెల్మెట్ కొనేవాళ్లు జాగ్రత్త: ఏబీఎస్ అని చెప్పి పీఎల్ఏ ప్రింట్ అంటగడుతున్నాడు

"మూవీ అక్యురేట్ స్టంట్ హెల్మెట్, 2 ఎంఎం ఏబీఎస్, వాక్యూమ్ ఫార్మ్‌డ్" అని వారం వారం పోస్టు పెట్టేవాడే. ఎవరో మీకు తెలుసు. ఏబీఎస్ అంటే వేడికి బాగా ఓర్చే గట్టి ప్లాస్టిక్. డబ్బంతా ముందే తీసుకుని, త్రీడీ ప్రింటర్లలో వాడే పీఎల్ఏ ప్లాస్టిక్‌తో పొర మీద పొరగా తీసిన ప్రింట్ పంపాడు.

తిరగేసి చూస్తే లోపలంతా పొరల గీతలు. వాక్యూమ్ ఫార్మింగ్‌లో, అంటే వేడిచేసిన షీటును అచ్చు మీదకు లాగి చేస్తే, గోడ పల్చగా, లోపల కూడా నున్నగా ఉంటుంది. 1977 స్టార్ వార్స్ సినిమా హెల్మెట్‌లో ముఖం ఒక ముక్క, వెనక డొప్ప ఇంకో ముక్క, చెవులు విడిగా బిగించినవి. ఇతను చెవులతో సహా ఒకే ముక్కగా ప్రింట్ తీసి, పైన ఉత్తుత్తి మరలు అతికించాడు. అసలుది చేత్తో మలిచింది, ఎడమా కుడీ ఒకేలా ఉండవు. ఇది సగం మోడల్‌ను మిర్రర్ చేసినది, రెండు వైపులూ అచ్చం ఒకటే. బుగ్గల గొట్టాల మీద నీలం గీతలు స్టిక్కర్లు. పోస్టులోని ఫొటోలో అవే గీతల్లో కుంచె వణుకు తెలుస్తోంది. ఆ ఫొటో ఈ హెల్మెట్‌ది కాదు.

పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెల ఎండలో ఆపిన కారులో వదిలితే వంకర పోతుంది. గీతలు దాచడానికి పుట్టీ మందంగా పూశాడు. మెడ అంచు కాస్త వంగినా పుట్టీ వంగదు కాబట్టి అక్కడ అప్పుడే పగుళ్లు.

ఇవన్నీ ఫొటోలు తీసి పంపితే, "బ్రో, షెల్ఫ్ మీద పెట్టుకునేదానికి లోపల ఎవరు చూస్తారు? ఏదైనా ప్లాస్టిక్కే కదా" అన్నాడు. చెవి ముక్కను కొద్దికొద్దిగా అరగదీస్తూ, పెట్టి చూస్తూ, సందు లేకుండా కూర్చోబెట్టే వాళ్ల పనికి ఇతనిచ్చే విలువ ఇదీ. డబ్బు వెనక్కి అడిగితే "కస్టమ్ ఆర్డర్, రిటర్న్ లేదు" అని బ్లాక్ చేశాడు. ఆ రాత్రే పోస్టులో "ఏబీఎస్" తీసేసి "ప్రీమియం ప్లాస్టిక్" అని మార్చాడు. అంటే తెలిసే చేశాడు. నాకు మండింది అక్కడే.

ఎవరి దగ్గర కొన్నా లోపలి వైపు వీడియో అడగండి. వీడియో పాతదో వేరేవాళ్లదో కాదని తేలేలా, మీరు చెప్పిన పదం కాగితం మీద రాసి పక్కన పెట్టమనండి, అంచు మందం కాలిపర్‌తో చూపించమనండి. మాట మారుస్తుంటే అడ్వాన్సు కూడా పంపొద్దు. పాత పోస్టు స్క్రీన్‌షాట్లు ఎవరి దగ్గరున్నా కింద పెట్టండి.